కేబుల్ పెట్టినా వైఫైలోనే?

పగలు ఆఫీసు మీటింగులు, సాయంత్రం పిల్లల సంగీతం క్లాసు, రాత్రి ఊళ్లో ఉన్న అమ్మానాన్నలతో వీడియో కాల్. ఇవన్నీ ఒకే ల్యాప్‌టాప్ మీద నడిచే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. వైఫైతో విసిగి కొందరు రూటర్ నుంచి టేబుల్ దాకా ఈథర్‌నెట్ కేబుల్ కూడా లాక్కున్నారు. అయినా మాట తెగుతూనే ఉంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. మీ ల్యాప్‌టాప్ అసలు ఆ కేబుల్‌ని వాడుతోందా?

రెండు కనెక్షన్లూ ఉన్నప్పుడు ఏ దారిన పోవాలో తేల్చేది ‘మెట్రిక్’ అనే అంకె. ఎవరి అంకె తక్కువైతే వాళ్లదే ముందు వరస. లినక్స్‌లో నెట్‌వర్క్ మేనేజర్ మామూలుగా కేబుల్‌కు 100, వైఫైకి 600 వేస్తుంది కాబట్టి అక్కడ పేచీ లేదు. విండోస్ మాత్రం లింకు వేగాన్ని బట్టి అంకె వేస్తుంది. విండోస్ 10లో గిగాబిట్ కేబుల్‌కు 25 పడితే, 100 మెగాబిట్ల కేబుల్‌కు 35 పడుతుంది.

చిక్కంతా ఆ 100 మెగాబిట్ల దగ్గరే. గిగాబిట్ నడవాలంటే కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ బాగుండాలి. 100కు రెండు జతలు చాలు. తలుపు సందులో నలిగి ఒక జత పోయినా చాలాసార్లు లింకు తెగదు, చెప్పాపెట్టకుండా 100కు దిగిపోతుంది. పాత డాక్‌లు, చౌక యూఎస్‌బీ అడాప్టర్లు కొన్ని 100ను మించవు. అలాంటప్పుడు రూటర్ దగ్గర్లోని కొత్త వైఫైకే తక్కువ అంకె పడొచ్చు. పోర్టు దగ్గర లైటు వెలుగుతూనే ఉంటుంది, కాల్ మాత్రం వైఫైలో నడుస్తుంది.

సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ పేజీ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. 1000, అంటే గిగాబిట్, ఉంటే మంచిదే. 100 ఉంటే ముందు కేబుల్ మార్చండి. క్యాట్ 5ఇ రకం 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, ఇంటికి అది చాలు.

ఇంత శ్రమ ఎందుకంటే, వైఫైలో ఒకే ఛానల్ మీదున్నవన్నీ వంతులవారీగా మాట్లాడుకోవాలి. పక్క అపార్ట్‌మెంట్ రూటర్లూ ఆ వంతుల్లో చేరతాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో మైక్రోవేవ్ అవెన్ కూడా అడ్డొస్తుంది. సంగీతం క్లాసులో గురువుగారి తాళం ఓచోట సాగి, మరోచోట పరుగెత్తడానికి తరచూ ఇదే కారణం. ఆయన విజయవాడలో, శిష్యులు డల్లాస్‌లో ఉంటే దూరం వల్ల వచ్చే ఆలస్యాన్ని ఏ కేబులూ తీర్చలేదు. ఆ ఆలస్యంలోని హెచ్చుతగ్గుల్ని మాత్రం తగ్గిస్తుంది.

వరస మార్చడం తేలికే. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్ నుంచి నెట్‌వర్క్ కనెక్షన్స్‌కు వెళ్లి, ఈథర్‌నెట్ ప్రాపర్టీస్‌లో ఐపీ వెర్షన్ 4 ఎంచుకుని, దాని ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కండి. ఆటోమేటిక్ మెట్రిక్ దగ్గర టిక్ తీసేసి 10 వేయండి. వైఫైకి అలాగే 50 వేయండి. వెర్షన్ 6కు వేరే అంకె ఉంటుంది, దాన్నీ మార్చాలి. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ పేజీలో ‘సెట్ సర్వీస్ ఆర్డర్’ తెరిచి, ఈథర్‌నెట్‌ను వైఫై పైకి లాగితే సరి.

దీనికన్నా వైఫై ఆపేస్తే పోలేదా అనొచ్చు. కానీ ల్యాప్‌టాప్ తీసుకుని సోఫాలోకి వెళ్లిన ప్రతిసారీ మళ్లీ ఆన్ చేసుకోవాలి. మ్యాక్‌లోనైతే ఎయిర్‌డ్రాప్ కూడా ఆగిపోతుంది. వరస మార్చి ఉంచితే కేబుల్ తీసిన వెంటనే వైఫై అందుకుంటుంది.

అయితే నడుస్తున్న కాల్ మధ్యలో కేబుల్ పెడితే ఆ కాల్ వైఫైలోనే ఉండిపోవచ్చు, అందుకని ముందే పెట్టుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఈ మార్పులకు అనుమతి లేకపోతే ఐటీ వాళ్లను అడగండి.

నెలనెలా ఎక్కువ కట్టే ఇంటర్నెట్ ప్లాన్‌కు మారేముందు లింక్ స్పీడ్, మెట్రిక్ ఈ రెండూ చూసుకోండి. మహా అయితే ఒక కొత్త కేబులో, అడాప్టరో ఖర్చు.