ప్రోగ్రెస్ కార్డులో ‘ఏ’ గ్రేడు ఉంది.. మరి చదవడం వచ్చా?

ఈ ఎపిసోడ్‌లో చిన్నపిల్లల చదువు గురించి మాట్లాడుకుందాం. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకి మార్కులు, గ్రేడులు ఎలా వేస్తారు, వాటిని మనం ఎలా చదవాలి అనేది టాపిక్. “మాకెందుకండీ ఇది, మాకింకా పెళ్లే కాలేదు” అనుకోకండి. మీ ఇంట్లో తమ్ముడో చెల్లో, అక్క కొడుకో అన్న కూతురో ఉంటారు కదా. స్కూల్ నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వస్తే చదివి చెప్పేది మీరే. అమ్మానాన్నలు పొద్దున్నే పనికి వెళ్ళిపోతే, ప్రోగ్రెస్ కార్డు ముందుగా చూసేది కూడా చాలా ఇళ్ళల్లో మీరే. అందుకే మీకే చెప్తున్నా.

అసలు విషయం ముందే చెప్పేస్తా. కార్డు మీద గ్రేడు ఒక్క ప్రశ్నకే జవాబు చెప్తుంది: స్కూలు లెక్కలో మొత్తం ఎన్ని మార్కులొచ్చాయి అని. పిల్లాడికి ఏం వచ్చు, ఏం రాదు, రేపు ఏం నేర్పాలి అనేవి దాంట్లో కనపడవు. చిన్న తరగతుల్లో మనకి నిజంగా కావాల్సింది మాత్రం ఆ సంగతులే.

ఇప్పుడున్న పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. విద్యా హక్కు చట్టం 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బోర్డు పరీక్ష ఉండకూడదని అందులో ఉంది. పిల్లల్ని ఏడాది పొడవునా గమనిస్తూ, అన్ని వైపుల నుంచీ అంచనా వెయ్యాలని కూడా ఉంది. దీన్నే నిరంతర సమగ్ర మూల్యాంకనం అంటారు. టీచర్లందరూ పలికే పేరు సీసీఈ. ‘నిరంతర’ అంటే సంవత్సరం చివర ఒక్కసారి కాకుండా ఎప్పటికప్పుడు. ‘సమగ్ర’ అంటే పుస్తకంలో పాఠాలొక్కటే కాకుండా ఆటలు, బొమ్మలు వెయ్యడం, పాటలు, నలుగురితో మెలగడం కూడా చూడాలని.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇది ఎఫ్ఏ, ఎస్ఏ అనే పేర్లతో తెలుసు. ఎఫ్ఏ అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఎస్ఏ అంటే సమ్మేటివ్ అసెస్‌మెంట్. ఏడాదికి నాలుగు ఎఫ్ఏలు, రెండు ఎస్ఏలు అనేది మనకి అలవాటైన లెక్క. మధ్యలో పేర్లు మారుతుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్ళు సీబీఏ పేరుతో ఓఎంఆర్ షీట్లిచ్చి కూడా పెట్టారు. పేరు ఏదైనా వెనకాల ఉన్న ఆలోచన రెండు రకాలే.

దోసెలు వేసేటప్పుడు చూడండి. మొదటి దోసె వేసి పెనం కాలిందో లేదో చూసుకుంటాం. అంటుకుంటే మంట సర్దుతాం, ఇంకాస్త నూనె రాస్తాం, పిండి గట్టిగా ఉంటే నీళ్ళు కలుపుతాం. ఆ మొదటి దోసెకి ఎవరూ మార్కులు వెయ్యరు. తర్వాతి దోసె బాగా రావడానికే అది. ఫార్మేటివ్ అంటే ఇదే. ఇక వడ్డించాక “ఈ రోజు దోసెలు బాగున్నాయి” అనో “మాడిపోయాయి” అనో చెప్తాం చూడండి, అది సమ్మేటివ్. అప్పటికి పొయ్యి ఆపేశాం, మార్చడానికి ఏమీ లేదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మొదటి దోసెకి కూడా మార్కులు వెయ్యడం మొదలైంది. ఎఫ్ఏ కూడా ఒక చిన్న పరీక్షలా, కార్డులో ఇంకో గడిలా మారిపోయింది.

దీనివల్ల ఏం పోయిందో ఒక లెక్కతో చెప్తా. రెండో తరగతిలో 37కి 28 కలపమన్నారు. జవాబు 65. ముగ్గురు పిల్లలు తప్పు చేశారనుకోండి. ఒకరు 515 అని రాశారు. ఇంకొకరు 55 అని రాశారు. మూడో వాళ్ళు 64 అని రాశారు. ముగ్గురికీ ఎర్ర ఇంకుతో ఇంటూ మార్కు, ముగ్గురికీ సున్నా.

ఇప్పుడు కాస్త ఆగి చూడండి. 515 రాసిన పాప 7, 8 కలిపి 15 వేసింది, పక్కనే 3, 2 కలిపి 5 వేసింది. కూడిక వచ్చు. ఒకట్లు, పదులు అనే స్థానాల సంగతే ఇంకా అర్థం కాలేదు. ఆ పాపకి పుల్లలు ఇచ్చి పదేసి కట్టలు కట్టించాలి. 55 రాసిన బాబుకి స్థానాలు తెలుసు, పదుల్లోకి వెళ్ళాల్సిన ఒకటిని మర్చిపోయాడు. ఆ ఒకటి ఎక్కడ రాసుకోవాలో చూపించి నాలుగు లెక్కలు చేయిస్తే చాలు. 64 రాసిన పిల్లకి పద్ధతంతా వచ్చు, వేళ్ళ మీద లెక్కపెట్టడంలో ఒకటి జారింది. “ఇంకోసారి చూసుకో అమ్మా” అంటే సరిపోతుంది.

ముగ్గురికీ మూడు వేరు వేరు మందులు కావాలి, మనం రాసింది మాత్రం ఒకటే సున్నా. తప్పు జవాబులో ఉన్న సమాచారం మొత్తం ఆ సున్నాలో మాయమైపోయింది.

మరి ఎఫ్ఏ మార్కులు ఎలా వస్తాయి? సీసీఈ పద్ధతిలో దానికి నాలుగు భాగాలు పెట్టారు: తరగతిలో పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు, చివరికి స్లిప్ టెస్టు. కాగితం మీద చాలా మంచి ఆలోచన. ఇంట్లో జరిగేదేంటో మీకూ తెలుసు. నాలుగో తరగతి పాప ప్రాజెక్టుకి గూగుల్‌లో బొమ్మలు వెతికింది ఎవరు? జెరాక్స్ సెంటర్‌లో కలర్ ప్రింట్ తీయించింది ఎవరు? స్కెచ్ పెన్నుతో అందంగా హెడ్డింగు రాసింది ఎవరు? మీరే కదా! ఆ మార్కులు పాప ఖాతాలో పడ్డాయి. రాత పనుల్లో సగం గైడు చూసి ఎక్కించినవి. అలా ఆ రెండు భాగాల్లో మార్కులు పెరిగి, స్లిప్ టెస్టులో వచ్చిన తక్కువ మార్కుల్ని కప్పేస్తాయి. మొత్తం కలిపితే బీ ప్లస్సో, ఏ గ్రేడో వస్తుంది. పాపకి చదవడం రాలేదనే విషయం ఆ సగటులో కనపడకుండా పోతుంది.

గ్రేడు అంటేనే కొంత సమాచారం మింగేసే పద్ధతి. ఒక స్కూల్లో 71 నుంచి 90 దాకా ‘ఏ’ అనుకుందాం. 71 వచ్చిన పిల్లాడు, 90 వచ్చిన పిల్లాడు ఒకటే. 70 వచ్చిన వాడు మాత్రం కింది మెట్టు. ఒక్క మార్కు తేడాకి ఇంట్లో చివాట్లు. ర్యాంకుల పోటీ తగ్గించడానికి గ్రేడులు తెచ్చారు, మనం ఆ గ్రేడులనే ర్యాంకుల్లా చదవడం మొదలుపెట్టాం.

టీచర్లని తిట్టడానికి ఇదంతా చెప్పట్లేదు. మన ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒక్కరో ఇద్దరో టీచర్లు ఐదు తరగతులూ చూసుకునేవి చాలా ఉన్నాయి. ఒక పక్క పాఠం, ఇంకో పక్క రికార్డులు, ఆన్‌లైన్‌లో మార్కుల ఎంట్రీ. ఒక్కో పిల్లాడి తప్పు దగ్గర ఆగి ఆలోచించే టైమ్ అక్కడే పోతుంది. ప్రైవేటు స్కూళ్ళలో ఇంకో రకం ఒత్తిడి. మార్కులు తగ్గితే తల్లిదండ్రులు స్కూల్ మార్చేస్తారేమో అన్న భయం ఉంటుంది.

మార్కులు, కామెంట్ల మీద పేరున్న పరిశోధన ఒకటుంది. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ అనే సైకాలజిస్టు 1988లో ప్రచురించారు. కొందరు పిల్లలకి మార్కులు మాత్రమే ఇచ్చారు. కొందరికి ఏం బాగా చేశారో, ఏం మెరుగు పర్చుకోవాలో కామెంటు మాత్రమే రాసిచ్చారు. ఇంకొందరికి రెండూ ఇచ్చారు. కామెంటు మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగుపడ్డారు. రెండూ అందుకున్నవాళ్ళకి ఆ లాభం రాలేదు. మార్కు పక్కనుంటే కళ్ళు దాని మీదికే పోతాయని చాలామంది దీన్ని వివరిస్తారు. మనం కార్డు తెరవగానే ఏం చూస్తామో ఆలోచించండి!

ఇక దీనివల్ల నష్టం ఎంతో చూద్దాం. ‘ప్రథమ్’ సంస్థ 2005 నుంచి అసర్ అనే సర్వే చేయిస్తోంది. ఊళ్ళలో ఇళ్ళకి వెళ్ళి, పిల్లల పక్కన కూర్చుని ఒక కాగితం చదివిస్తారు. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, చివరికి రెండో తరగతి స్థాయి కథ. 2024 సర్వేలో దేశం మొత్తం మీద గ్రామీణ ప్రాంతాల్లో ఐదో తరగతి పిల్లల్లో ఆ రెండో తరగతి కథ చదవగలిగినవాళ్ళు 48.8 శాతం. అంటే సగానికి పైగా పిల్లలు చదవలేకపోయారు. వాళ్ళు కూడా స్కూల్లో పరీక్షలు రాస్తూనే ఐదో తరగతి దాకా వచ్చారు.

“అందరినీ పాస్ చేసెయ్యడం వల్లే ఇదంతా” అని మీలో కొందరు అంటారని తెలుసు. 2019లో చట్టం మార్చారు. ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టాలి. తప్పితే అదనంగా నేర్పి రెండు నెలల్లోపు మళ్ళీ పరీక్ష పెట్టాలి. అప్పుడూ రాకపోతే అదే తరగతిలో ఉంచొచ్చా లేదా అనేది ఆయా ప్రభుత్వాల నిర్ణయం. స్కూల్ నుంచి మాత్రం తీసెయ్యకూడదు. కేంద్రీయ విద్యాలయాల్లాంటి కేంద్ర ప్రభుత్వ స్కూళ్ళకి ఈ రూలు 2024 డిసెంబరులో వచ్చింది. నన్నడిగితే, ఈ గొడవ అసలు సమస్యకి మూడేళ్ళు లేటు. రెండో తరగతిలో ఒత్తులు పట్టుబడని పిల్లాడు ఐదో తరగతి చివర దాకా ఎవరి కంటా పడకపోతే, అప్పుడు పాస్ చేసినా ఫెయిల్ చేసినా వాడికి చదవడం రాదు. అదే పాఠాన్ని అదే పద్ధతిలో ఇంకో ఏడాది చెప్పినా ఒత్తులు వాటంతట అవి రావు.

ఈ విషయం ప్రభుత్వాలకీ తెలుసు. 2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం ఇదే. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లాడికీ అర్థం చేసుకుంటూ చదవడం, మామూలు లెక్కలు రావాలి. తెలంగాణలో 2022లో ‘తొలిమెట్టు’ మొదలైందీ ఇందుకే. ముందు పిల్లాడు ఏ మెట్టు మీదున్నాడో చూసి, అక్కణ్ణుంచి నేర్పాలన్నది ఆలోచన.

మరి మనం ఏం చెయ్యొచ్చు? పది నిమిషాలు చాలు. ఒకటి, పిల్లలు ఇంతకు ముందు చూడని చిన్న కథ ఒకటి చదివించండి. వాళ్ళ పుస్తకంలోది వద్దు, బట్టీ పట్టేసి ఉంటారు. చదివాక “ఏం జరిగింది, చెప్పు” అనండి. సొంత మాటల్లో చెప్తే అర్థమైనట్టు. రెండు, మూడో తరగతి దాటినవాళ్ళకి 52లోంచి 27 తీసెయ్యమనండి. 35 అని రాస్తే, 7లోంచి 2 తీసేశారన్నమాట, అప్పు తెచ్చుకోవడం ఇంకా రాలేదు. మూడు, నోటి లెక్క. “యాభై నోటిచ్చి 18 రూపాయల బిస్కెట్ ప్యాకెట్లు రెండు కొంటే చిల్లర ఎంతొస్తుంది?” నాలుగు, ఈ రోజు స్కూల్లో ఏం జరిగిందో మూడు వాక్యాలు రాయమనండి.

ఇంగ్లీషు మీడియం పిల్లలైతే తెలుగులో కూడా చదివించి చూడండి. రెండింట్లోనూ ఆగిపోతుంటే ఒక సంగతి, ఇంగ్లీషులోనే ఆగిపోతుంటే ఇంకో సంగతి.

ఒక్క షరతు. తిట్టొద్దు, నవ్వొద్దు, వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టొద్దు. భయపడిన పిల్లలు వచ్చింది కూడా చెప్పరు.

తర్వాత స్కూల్‌కి వెళ్ళినప్పుడు “మావాడికి ఎన్ని మార్కులొచ్చాయి మేడం” అనే దగ్గర ఆగిపోకుండా మూడు విషయాలు అడగండి. “మేడం, మావాడికి ఏది బాగా వచ్చు? ఎక్కడ ఆగిపోతున్నాడు? ఇంట్లో మేం రోజూ ఏం చేయించాలి?” మర్యాదగా అడిగితే చాలామంది టీచర్లు సంతోషంగా చెప్తారు. మీరు ఇంట్లో గమనించింది కూడా వాళ్ళకి చెప్పండి. “కథ చదువుతున్నాడు గానీ ఒత్తుల దగ్గర ఆగుతున్నాడండీ” అనే ఒక్క మాట ఆ టీచరుకి బీ ప్లస్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇంకోటి. ఈసారి ప్రాజెక్టు వర్క్ వస్తే కత్తెర, జిగురు, స్కెచ్ పెన్నులు పిల్లల చేతికే ఇవ్వండి. వంకరగా వస్తుంది, రానివ్వండి. ఆ వంకరలోనే వాళ్ళకి ఏం వచ్చో కనపడుతుంది. కార్డులో రెండు మార్కులు తగ్గినా, ఐదో తరగతి దాటేలోపు మీ తమ్ముడికి చదవడం వస్తుందా రాదా అన్నదే లెక్క. ఈ ఆదివారం పది నిమిషాలు వాడి పక్కన కూర్చోండి.