చెప్పుకోలేని బాధలు చెప్పుకోవలసిందే
సిగ్గుతో దాచుకుంటే తల్లికీ బిడ్డకూ ముప్పు

మేడిపల్లి: ఆశా కార్యకర్త గడపలో నిలబడి "ఎట్లున్నవమ్మా?" అని అడిగితే, కడుపుతో ఉన్న కోడలు "మంచిగనే ఉన్ననక్కా" అని ఊరుకుంటుంది. పక్కనే అత్త ఉంటుంది, వాకిట్లో మామ ఉంటాడు. దగ్గితే మూత్రం పడుతోందనీ, బట్ట తడుస్తోందనీ, మొలలు వచ్చి కూర్చోలేకపోతున్నాననీ వారి ముందు ఎలా చెబుతుంది? ఈ సిగ్గు వల్ల నష్టం రెండు విధాలు. భయపడనక్కరలేని దానికి నిద్ర మానుకోవడం ఒకటి. భయపడవలసిన దానిని మామూలే అనుకుని దాచుకోవడం మరొకటి.

ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద ఉన్న మేడిపల్లి వైపు కట్టుబడి కూలికి, నాచారం ఫ్యాక్టరీలలో పనికి వచ్చి అద్దె గదుల్లో కాపురం ఉంటున్నవారున్నారు. సొంత ఊళ్లో అయితే అమ్మనో మేనత్తనో చాటుగా అడగవచ్చు. ఇక్కడ ఆ పెద్దదిక్కు లేదు.

ఇవి మామూలే

నెలలు పెరిగేకొద్దీ బుగ్గల మీద మంగు వస్తుంది. బొడ్డు మీదుగా నల్లని గీత పడుతుంది, చనుమొనల చుట్టూ నలుపెక్కుతుంది, పొట్ట సాగి చారలు ఏర్పడతాయి. కాన్పు తరువాత మంగు, గీత చాలావరకు తగ్గుతాయి. చారలు మాసిపోతాయి గాని పూర్తిగా పోవు. గీతను చూసి మగబిడ్డా ఆడబిడ్డా అని జోస్యం చెప్పేవారి మాట కాలక్షేపానికి తప్ప దేనికీ పనికిరాదు. చివరి నెలల్లో రవిక తడిసేలా పసుపు చెమ్మ కారితే అవి ముర్రుపాలు. రోగం కాదు.

గర్భసంచి మూత్రాశయాన్ని నొక్కడం వల్ల మాటిమాటికి మూత్రం వస్తుంది. తుమ్మినా నవ్వినా చుక్కలు పడవచ్చు. దీనికి జంకి కొందరు నీళ్లు తాగడమే మానేస్తారు. మరుగుదొడ్డి లేని పనిచోట గంటల తరబడి ఆపుకుంటారు. మంట, జ్వరం వచ్చేది ఇలాంటప్పుడే. ఆ జ్వరం ముదిరితే నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. మూత్రం ఆపుకునే కండరాలను బిగించి వదిలే వ్యాయామం రోజూ చేస్తే చుక్కలు పడటం తగ్గుతుంది. కూర్చున్న చోటే చేయవచ్చు, పక్కవారికి తెలియదు కూడా.

ప్రభుత్వ ఆసుపత్రిలో నాలుగో నెల నుంచి ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రల సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఇవి మింగితే విరేచనం నల్లగా వస్తుంది. లోపల ఏదో అయిందని భయపడి, ఎవరికీ చెప్పకుండా మాత్రలు డబ్బాలో దాచే స్త్రీలున్నారు. ఆ నలుపు ఐరన్‌దే, హాని లేదు. మలబద్ధకం చేస్తే నీళ్లు, ఆకుకూరలు, జొన్నరొట్టె ఎక్కువ తీసుకోవాలి. మాత్ర వేసుకున్న వెంటనే చాయ తాగితే మందు ఒంటబట్టదు. కాల్షియం మాత్రను కూడా దానితో కలిపి వేసుకోరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ గర్భిణులలో సగం మందికి పైగా రక్తహీనత కనిపించింది. డబ్బాలో దాచిన మాత్ర ఖరీదు కాన్పునాడు తెలుస్తుంది.

ఇవి ఆగరాదు

తెల్లబట్ట కొంచెం ఎక్కువ కావడం సహజం. వాసన, దురద, పెరుగు విరిగినట్లు తెల్లని పదార్థం ఉంటే మందు కావాలి. బట్ట మార్చినా మళ్లీ నీళ్లలా తడుస్తుంటే అది ఉమ్మనీరు కావచ్చు. నొప్పులు రాలేదు కదా అని తెల్లవారేదాకా చూడరాదు. రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా అంతే. రాత్రిపూట అరచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద పెడితే కాలేయ పరీక్ష అవసరం.

సాయంత్రానికి పాదాలు వాచి, రాత్రి పడుకుంటే తగ్గడం చాలామందిలో ఉన్నదే. పొద్దున్నే ముఖం ఉబ్బి, గాజులు బిగిసి, తలనొప్పి వచ్చి, కళ్లు మసకబారితే మాత్రం రక్తపోటు చూపించుకోవాలి. అయిదో నెల దాటాక 140/90కి చేరితే ప్రమాద సూచనే. పట్టించుకోకపోతే ఫిట్స్ వస్తాయి. పూర్వం గుర్రపువాతమన్నది దీనినే. గాలి సోకిందని తాయెత్తు కట్టించేలోపే ప్రాణం పోయిన ఇళ్లున్నాయి. ఆసుపత్రిలో మెగ్నీషియం సల్ఫేట్ సూదితో ఫిట్స్‌ను అదుపు చేస్తారు.

మంచి వైద్యం అందక పోయే ప్రాణానికి గొప్పా బీదా లేదు. నిజాం కోడలు నీలోఫర్ దగ్గర పనిచేసే దాసి కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంలోంచే 1953లో నగరంలో నీలోఫర్ ఆసుపత్రి వెలసింది. తెలంగాణలో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2011-13లో 92 ఉంటే 2018-20 నాటికి 43కు తగ్గాయి. ఆ 43 మందీ ఎవరి ఇంటివారో ఒకరి ఇంటివారే.

నోటితో చెప్పడం కష్టమైతే మాతా శిశు కార్డు వెనుక చీటీ రాసి పెట్టి నర్సు చేతికి ఇవ్వవచ్చు. "లోపల మాట్లాడాలి" అని అడిగితే అత్తను, భర్తను బయట కూర్చోబెడతారు. అది తప్పు కాదు. భార్య చెప్పేదాకా ఆగకుండా భర్తే ఒకమాట అడగడం ఇంకా మేలు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ కేంద్రాలలో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుపుతారు. రక్తం, ఉమ్మనీరు, ఫిట్స్ వంటివి కనిపిస్తే తేదీ చూడనక్కరలేదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.