పట్టుదారం పురి, డీఎన్‌ఏ ముడి

హిందూపురంలో రైలెక్కి పెనుకొండ మీదుగా ధర్మవరంలో దిగితే, ఈ కొసన పట్టుగూళ్ల మార్కెట్, ఆ కొసన మగ్గాలు. ఒక్క గూటిని వేడినీళ్లలో వేసి తీస్తే కిలోమీటరు దాకా తెగని పోగు వస్తుంది. అలాంటి పోగులు కొన్ని కలిపి పురి పెడితేనే దారం. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఇలా పురి తిరిగిన దారముంది. రెండు పేటలది, మొత్తం రెండు మీటర్లు. అదే డీఎన్‌ఏ.

పాత క్యాన్సర్ మందుల్లో చాలావాటి గురి ఈ దారమే. అమెరికాలో 1978లో అనుమతి పొందిన సిస్‌ప్లాటిన్ దాన్ని అంటుకుంటుంది. ఎర్రగా సెలైన్‌లో ఎక్కే డాక్సోరుబిసిన్ ఆ పేటలను కలిపే అక్షరాల జతల మధ్య దూరుతుంది. అయితే వేగంగా పెరిగే మంచి కణాలనూ ఇవి వదలవు. జుట్టు రాలేది అందుకే.

అందుకని కొందరు శాస్త్రవేత్తలు దారాన్ని వదిలి ముడి మీద పడ్డారు. గ్వానిన్ అనే డీఎన్‌ఏ అక్షరం గుంపులుగా ఉన్నచోట ఒక పేట తనలో తానే ముడుచుకుంటుంది. ఇంట్లో ఇడ్లీ రేకులు గుర్తు తెచ్చుకోండి: రేకుకు నాలుగు గుంటలు, రేకు మీద రేకు, నడిమధ్య కడ్డీ. గుంటకొక గ్వానిన్, కడ్డీ చోట పొటాషియం. దీని పేరు జి-క్వాడ్రుప్లెక్స్. చెన్నైలో పుట్టిన శంకర్ బాలసుబ్రమణియన్ కేంబ్రిడ్జిలో తన బృందంతో 2013లో మనిషి కణాల్లోనే దీన్ని చూపించారు.

మందు పై రేకు మీద మూతలా కూర్చోవాలి. అందుకే అణువును చదునుగా, మామూలు డీఎన్‌ఏ జతల మధ్య దూరనంత వెడల్పుగా కడతారు. డీఎన్‌ఏది ఋణావేశం కాబట్టి పట్టుకోవడానికి ధనావేశపు చేతులు తగిలిస్తారు. మగ్గం మీద చిక్కు పడితే నేతగాడు వేళ్లతో విప్పుతాడు. కణంలో ఆ పని ఎంజైములది. మూత బిగిస్తే వాటికి విప్పడం కష్టం, దారం తెగుతుంది. తెగిన పోగును అతికే బిఆర్‌సిఎ జన్యువులు అప్పటికే పాడైన క్యాన్సర్ కణం ఇక కోలుకోవడం కష్టం.

చెప్పినంత సులువేం కాదు. ఇలాంటి ముడి పడగల చోట్లు మన డీఎన్‌ఏలో 7 లక్షలకు పైగా ఉన్నాయని 2015లో తేలింది. కావలసిన ముడినే పట్టడం ఎలా? ముడికి గురిపెట్టిన క్వార్‌ఫ్లోక్సిన్ అనే మందు రెండో దశ ట్రయల్స్ దగ్గరే ఆగింది. సిఎక్స్-5461 అనే మరో మందుతో కెనడాలో జరిపిన తొలిదశ ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. కొందరికి గడ్డలు తగ్గాయి. కానీ ఎండ తగిలితే చర్మానికి, కళ్లకు ఇబ్బంది. మన సీమ ఎండల్లో అది చిన్న మాట కాదు.

ఈ ముడి కోసమే కట్టిన మందేదీ ఇంకా దుకాణానికి రాలేదు. దానికోసం ఎదురుచూస్తూ, డాక్టరు రాసిన సిస్‌ప్లాటిన్ మాత్రం మానకండి.