చవక లైట్‌వెయిట్ రోడ్ బైక్ వీల్స్: మన రోడ్ల మీద ఎన్నాళ్లు నిలుస్తాయి?

రోడ్ బైక్ కొన్న ఆరు నెలలకి దాదాపు అందరి చూపూ వీల్స్ మీద పడుతుంది. బైక్‌తో పాటు వచ్చిన అల్లాయ్ సెట్ 1,900 గ్రాముల దాకా తూగుతుంది. ఆన్‌లైన్‌లో చూస్తే 1,500 గ్రాముల సెట్, అదీ పెద్ద బ్రాండ్ ధరలో సగానికే. కొనెయ్యొచ్చా?

నేనుండేది దువ్వాడలో. పొద్దున్నే కూర్మన్నపాలెం మీదుగా హైవే ఎక్కితే పక్కనే పోర్టు ట్రైలర్లు, స్టీల్ ప్లాంట్ లారీలు. అలాంటి చోట వీల్ మొరాయిస్తే ఎన్ని గ్రాములు తగ్గించామన్నది గుర్తుకు కూడా రాదు. అందుకే ఇక్కడ స్పెక్ షీట్ పక్కన పెట్టి, ఏది ఎందుకు పాడవుతుందో చూద్దాం.

400 గ్రాములు తగ్గితే ఎంత లాభం?

మీరు 70 కిలోలు, బైక్ 10 కిలోలు అనుకుందాం. మొత్తం 80 కిలోల్లో 400 గ్రాములంటే అర శాతం. సింహాచలం ఘాట్ ఎక్కడానికి మీకు 10 నిమిషాలు పడితే, మిగిలేది సుమారు 3 సెకన్లు. చదును రోడ్డు మీద ఒకే స్పీడులో పోతుంటే ఆ తేడా కూడా దాదాపు ఉండదు. తిరిగే బరువు తగ్గితే స్పీడ్ అందుకునేటప్పుడు కాస్త చురుగ్గా అనిపిస్తుంది, అంతే. మెగాపిక్సెల్స్ చూసి ఫోన్ కెమెరాని అంచనా వేయడం ఎలాంటిదో, గ్రాములు చూసి వీల్ కొనడం అలాంటిదే.

ముందు తెగేది స్పోక్

పెద్ద గుంతలో పడితే తప్ప రిమ్ ఊరికే విరగదు. అసలు బలహీనత స్పోక్స్‌లో ఉంటుంది. 25 ఎంఎం టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 2.1 మీటర్లు. ఆ లెక్కన 5,000 కిలోమీటర్లకి దాదాపు 24 లక్షల చుట్లు. ప్రతి చుట్టులో కిందికొచ్చిన స్పోక్ కాస్త వదులై, పైకెళ్లగానే మళ్లీ బిగుస్తుంది. ఇనప తీగని అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి తెగినట్టే, స్పోక్ కూడా అలసిపోయి తెగుతుంది. చాలాసార్లు హబ్ దగ్గరి వంపులోనే.

దీనికి మందు, స్పోక్స్ అన్నీ సరిపడా, సమానంగా బిగించి ఉండటం. జాబ్స్ట్ బ్రాంట్ 1981లో రాసిన ‘ది బైసికిల్ వీల్’ పుస్తకం ఈ సంగతే వివరంగా చెబుతుంది. సమానంగా బిగించడానికి టైమ్, చేతి పనితనం కావాలి. ధర తగ్గించాలంటే కోత పెట్టడానికి తేలికైన చోటు కూడా అదే. అందుకే మంచి పార్ట్స్ ఉన్న చవక సెట్ కూడా ఒక్కోసారి తొందరగా ఊగడం మొదలుపెడుతుంది.

వెనక వీల్ సంగతి ఇంకా కష్టం. గేర్లకి చోటివ్వాలి కాబట్టి కుడివైపు స్పోక్స్ బాగా బిగుతుగా, ఎడమవైపువి దాదాపు సగం బిగుతులో ఉంటాయి. దానికి తోడు బరువు తగ్గించాలని స్పోక్స్ కూడా తగ్గిస్తారు. 32 స్పోక్స్ వీల్‌లో ఒకటి తెగితే మెల్లగా ఇంటికి చేరొచ్చు. 20 స్పోక్స్ వీల్‌లో తెగితే రిమ్ వంకరపోయి బ్రేక్‌కో ఫ్రేమ్‌కో రాసుకోవచ్చు. అప్పుడిక హైవే పక్కన బైక్‌ని నడిపించుకుంటూ పోవడమే.

సముద్రపు గాలితో జాగ్రత్త

స్పోక్ చివర బిగించే చిన్న నిపుల్ ఇత్తడిదైతే సుమారు 1 గ్రాము, అల్యూమినియందైతే దాదాపు 0.3 గ్రాము. మొత్తం సెట్‌లో కలిసొచ్చేది 30 గ్రాములే. కానీ వైజాగ్ ఉప్పు గాలికి అల్యూమినియం నిపుల్ తుప్పుపట్టి స్పోక్‌కి పట్టేసుకుంటుంది. ఆ తర్వాత వీల్ బెండ్ తీద్దామంటే నిపుల్ తిరగదు, గట్టిగా తిప్పితే విరుగుతుంది. కాబట్టి కళ్లు మూసుకుని ఇత్తడే తీసుకోండి.

హబ్‌లో 6902 లాంటి స్టాండర్డ్ నంబర్ బేరింగ్ ఉందా అని కూడా అడగండి. అలాంటివైతే మామూలు బేరింగ్ షాపులోనూ దొరుకుతాయి.

ఇక చవక కార్బన్ రిమ్‌లు. డిస్క్ బ్రేక్‌కైతే ఆలోచించొచ్చు. రిమ్ బ్రేక్‌కి మాత్రం వద్దు. అరకు ఘాట్ లాంటి పొడవాటి దిగుడులో బ్రేక్ వేడికి రిమ్‌లోని రెజిన్ మెత్తబడే ప్రమాదం ఉంది.

ఫోన్‌తోనే టెస్ట్ చేయండి

వీల్ రాగానే ఒక గిటార్ ట్యూనర్ యాప్ వేసుకోండి. స్పోక్స్‌ని ఒక్కొక్కటిగా వేలితో మీటండి. ఒకే వైపున్నవన్నీ దాదాపు ఒకే శ్రుతిలో మోగాలి. ఒకటి రెండు బాగా తేడాగా ఉంటే రైడ్‌కి ముందే మెకానిక్‌తో సరిచేయించండి. 200 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూడండి. టెన్షన్ మీటర్ అంత కచ్చితంగా కాకపోయినా వదులైనవి ఇట్టే దొరికిపోతాయి.

నా వెర్డిక్ట్

మీ బరువు 70 కిలోల లోపుండి, ఆదివారం భీమిలి బీచ్ రోడ్ రైడ్‌లే అయితే, ముందు 24, వెనక 28 స్పోక్స్ ఉన్న చవక అల్లాయ్ సెట్ పర్లేదు. 80 కిలోలు దాటినా, రోజూ గాజువాక వైపు హైవే మీదే తిరుగుతున్నా, 200 కిలోమీటర్ల బ్రెవేలు చేస్తున్నా, ముందు 28, వెనక 32 కంటే తగ్గొద్దు. ఫ్రేమ్‌లో చోటుంటే 28 ఎంఎం టైర్లు వేసి గాలి కాస్త తగ్గించండి. వీల్స్‌కి పడే దెబ్బ అక్కడే సగం తగ్గినట్టు అనిపిస్తుంది.

ఆర్డర్ పెట్టేముందు సెల్లర్‌ని స్పోక్ పొడవులు అడిగి, ఒక్కో సైజులో రెండేసి స్పేర్ తెప్పించుకోండి. పొడవు కూడా చెప్పలేని సెల్లర్ దగ్గర, ఎంత లైట్‌వెయిట్ అయినా సరే, కొనకండి.