మూడు మీటర్లు మూడు మాటలు చెబితే ఏది నమ్మాలి?

సంతలో చింతపండు తూచేటప్పుడు మనవాళ్లు ముందు ఏం చూస్తారు? ఖాళీ తక్కెడ సమంగా నిలబడిందా లేదా అని. సైన్స్ క్లబ్బులో మేం చేసిందీ అంతే. కాకపోతే మా తక్కెడలు గాలిని కొలిచేవి.

మా దగ్గర మూడు సెన్సర్లు ఉన్నాయి. నీలం రంగు డి.హెచ్.టి.11, తెల్లటి డి.హెచ్.టి.22. ఇవి రెండూ వేడినీ, గాలిలో తేమనీ చెబుతాయి. మూడోది స్టీలు మూతి ఉన్న డి.ఎస్.18బి20. ఇది వేడి ఒక్కటే చెబుతుంది, నీళ్లల్లో ముంచినా ఏం కాదు. మూడింటినీ ఆర్డ్యునో బోర్డుకు కలిపి ఒకే బల్ల మీద పెడితే నీలంది 31 డిగ్రీలు, తెల్లది 29.4, స్టీలుది 28.9 అన్నాయి.

అందరూ నవ్వారు గానీ అవి అబద్ధం చెప్పలేదండీ. నీలందానికి 2 డిగ్రీలు అటూఇటూ కావచ్చనీ, మిగతా రెండింటికి అర డిగ్రీ కావచ్చనీ తయారుచేసినవాళ్లే కాగితం మీద రాశారు. లెక్క వేసి చూడండి, 29కీ 29.4కీ మధ్యన మూడూ కలుస్తాయి. చుక్క తర్వాత అంకె కనబడినంత మాత్రాన అది నిజమైపోదు.

తేమ దగ్గరే వచ్చింది అసలు గొడవ. నీలంది 62 శాతం, తెల్లది 71. నీలందానికి 5 శాతం, తెల్లదానికి 2 శాతం వదిలేసినా కలవలేదు. అంటే ఒకటైనా తప్పే. సగటు తీద్దామన్నారు కొందరు. తప్పు తక్కెడనీ మంచి తక్కెడనీ కలిపి సగటు తీస్తే తూకం సరవుతుందా?

దీనికి మందు వంటింట్లోనే ఉంది. సీసా మూతలో ఉప్పు పోసి, బురదలా అయ్యేదాకా కొంచెం నీళ్లు చుక్కలు వేయాలి. ఉప్పు మొత్తం కరిగిపోకూడదు. ఆ మూతనీ సెన్సర్లనీ గట్టి డబ్బాలో పెట్టి, వైరు దూరే చోట మైనం పూసి రాత్రంతా కదపకుండా వదిలేయాలి. ఉప్పు సెన్సరుకు తగలకూడదు. మూసిన డబ్బాలో అలాంటి ఉప్పు పైన గాలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మన గదుల వేడిలో ఇది పెద్దగా మారదు. పొద్దున చూస్తే నీలంది 68, తెల్లది 77. కాబట్టి నీలందానికి 7 కలపాలి, తెల్లదానికి 2 తీసేయాలి. మొదటి రోజు అంకెలకు ఈ లెక్క వేస్తే రెండూ 69కే వచ్చాయి! (ఒక్క చోటే సరిచూశాం కనుక బాగా పొడి గాలిలో ఈ లెక్క కొంచెం తప్పవచ్చు.)

వేడికి ఐసు. దంచిన ఐసులో సందులు నిండేటంత నీళ్లే పోసి కలుపుతూ స్టీలు మూతి ముంచితే 0 రావాలి. 0.3 వచ్చింది, అంతే తీసేస్తాం. మరిగే నీళ్లలో 97.2 చూపింది. "వంద రాలేదు, పాడైపోయింది" అన్నారు తమ్ముళ్లు. పాడు కాలేదు. మనం సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నాం, ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ, నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. పుస్తకంలో వంద అన్నది సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ల లెక్క.

ఇదంతా దేనికంటే, స్టోరు గదిలో చిక్కీ కోసం తెచ్చిన పల్లీ బస్తాల దగ్గర నీలం సెన్సరు వారం రోజులుగా 66 చూపుతోంది. 66 అయితే ఫరవాలేదనుకోవచ్చు. కానీ 7 కలిపితే 73. తేమ 70 దాటి నిలిస్తే గింజలకు బూజు పడుతుంది. పల్లీ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు, అది వేయించినా పూర్తిగా పోదు.

వార్డెన్ గారికి మనవి: బస్తాల కింద చెక్కలు వేయించి, గోడకు జానెడు ఎడంగా జరిపించండి. ఎండ కాసిన మధ్యాహ్నం పూట కిటికీ తీయించండి. తెల్ల సెన్సరు కూడా అక్కడే పెడతాం. రోజూ సాయంత్రం 2 తీసేసిన అంకెను స్టోరు తలుపు మీద సుద్దతో రాస్తాం.