దుఃఖం తలరాత కాదు: అష్టాంగ మార్గం మనకేం చెబుతుంది?

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ లక్షలాది మందితో కలిసి బౌద్ధం స్వీకరించారు. ఆ సందర్భంగా చేయించిన 22 ప్రతిజ్ఞల్లో అష్టాంగ మార్గాన్ని అనుసరిస్తాననేది ఒకటి. మనలో చాలామందికి ఆ మార్గమంటే కళ్లు మూసుకుని చేసే ధ్యానమే. కానీ ఎనిమిది అంగాల్లో సమాధి చివరిది. మొదటిది సమ్యక్ దృష్టి, అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటం.

దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది, కారణం పోతే దుఃఖం పోతుంది, పోగొట్టే దారీ ఉంది. ఇది బుద్ధుడి బోధగా సంప్రదాయం చెప్పే మాట. కారణం తృష్ణ అంటుంది. అయితే పుట్టుకే దుఃఖమైతే మనిషికి ఆశ ఎక్కడిదని అంబేడ్కర్ అడిగారు. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' ముందుమాటలోనే ఆ సందేహం ఉంది. 1956 నవంబర్‌లో ఖాట్మండులో మాట్లాడుతూ, మార్క్స్ దోపిడీ అన్నదాన్ని బుద్ధుడి దుఃఖంతో కలిపి వివరించారు.

ఇక్కడే మనకు సంబంధించిన విషయం ఉంది. పేదరికం పూర్వజన్మ పాపమైతే దానికి బాధ్యులెవరూ ఉండరు. ఆ కర్మ సిద్ధాంతాన్ని అంబేడ్కర్ తోసిపుచ్చారు. పాకీపని ఒకరి తలరాత కాదు, కులం వాళ్ల నెత్తిన పెట్టిన పని అని గుర్తించడమే సమ్యక్ దృష్టి అని మేం అనుకుంటున్నాం.

తర్వాతి అంగం సమ్యక్ సంకల్పం. ఆ పైన వాక్కు, కర్మ, జీవనం వస్తాయి. కులం పేరుతో తిట్టే నోరు సమ్యక్ వాక్కుకు దూరం. ఆయుధాలు, మత్తు, విషం అమ్మి బతకొద్దని పాళీ గ్రంథాలు చెబుతాయి. ఇతరులకు హాని చేయకుండా బతకడమే సమ్యక్ జీవనం. మరి 2013 చట్టం నిషేధించాక కూడా ఎలాంటి రక్షణా లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దింపే కాంట్రాక్టర్‌ది ఏ జీవనం? ఈ ప్రశ్న దిగినవాడిని కాదు, దింపినవాడిని అడగాలి.

థేరగాథల్లో సునీతుడనే పారిశుధ్య కార్మికుడి కథ ఉంది. ఓర్చుకో, వచ్చే జన్మలో బాగుపడతావని బుద్ధుడు అతనికి చెప్పలేదు. సంఘంలో చేర్చుకున్నాడు.

మిగిలిన మూడు అంగాలు వ్యాయామం, స్మృతి, సమాధి. అంటే పట్టు వదలని ప్రయత్నం, ఎరుక, నిలకడైన మనసు. అవమానం ఎదురైనప్పుడు కుంగిపోకుండా, ద్వేషంలో కూరుకుపోకుండా నిలబడటానికి ఇవి కావాలి. మొదటి ఐదింటిని పక్కనపెట్టి ఈ మూడే సాధన చేస్తే మనశ్శాంతి దొరకొచ్చు గానీ, పక్కవాడి దుఃఖం అలాగే ఉంటుంది.