స్పానిష్ భాష – దాని వ్యాప్తి

లాటిను భాషనుండి పుట్టి, స్పెయిను దేశపు కాస్టీలు సీమలో పెరిగినది స్పానిష్ భాష. 1492వ సంవత్సరమున నెబ్రిహా యను పండితుఁడు దానికి వ్యాకరణము రచించి ఇసబెల్లా రాణికి అంకిత మొసఁగెను. ఆ యేఁటనే రాణి ప్రాపున కొలంబసు అమెరికా దీవులఁ జేరెను. పిమ్మట మెక్సికో, పెరూ దేశములు స్పెయినువారి వశమయ్యెను. ఖడ్గము వెంట భాషయు నడచెను. అచ్చటి భాషలు పెక్కు నశించెను. నేఁడు స్పానిష్ 20 దేశములకు అధికార భాష. సుమారు 50 కోట్ల మందికి మాతృభాష.

అయినను స్పెయిను ఏలిన పరాగ్వే దేశమున తల్లులు ఇంట తమ గ్వారనీ భాషను విడువరైరి. 1992లో అదియు స్పానిష్ భాషతోపాటు అధికార భాష యయ్యెను. రాజ్యబలము భాషను వ్యాపింపఁజేయును గాని, దానిని బ్రదికించునది తల్లి యొడియే గదా!